సోషల్‌లో ఫస్ట్ వస్తే హోర్డింగ్ ఎందుకు లేదు?



జూలై, ఆగస్టు నెలలు వచ్చాయంటే పిల్లల స్కూల్ బ్యాగుల్లోంచి రంగురంగుల కరపత్రాలు బయటపడుతుంటాయి. మ్యాథ్స్ ఒలింపియాడ్, సైన్స్ ఒలింపియాడ్, స్పెల్లింగ్ పోటీ, అబాకస్, కోడింగ్. ఏది రాయించాలి, ఫీజు ఎంత, ఏ పుస్తకం కొనాలి అని మీరు మమ్మల్ని అడుగుతారు. అడగాల్సిందే. కానీ ‘సోషల్‌కు అలాంటి పోటీ ఏదైనా ఉందా సార్?’ అని నన్ను అడిగిన తల్లిదండ్రులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో వారిని అనాల్సింది ఏమీ లేదు. కళ్ల ముందు కనిపించని దాని గురించి ఎవరైనా ఎలా అడుగుతారు?

పదో తరగతిలో సోషల్‌కూ గణితానికీ మార్కులు సమానమే. సీబీఎస్ఈలో రెండింటికీ 80 మార్కుల పరీక్ష, 20 మార్కుల ఇంటర్నల్. అయినా పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే ఏ స్కూల్లోనైనా ముందుగా ఎవరి పీరియడ్ అడిగి తీసుకుంటారో మీ పిల్లలే చెబుతారు. ఫలితాలొచ్చాక కూడళ్లలో కట్టే హోర్డింగుల మీద జేఈఈ ర్యాంకు ఉంటుంది, నీట్ ర్యాంకు ఉంటుంది. సోషల్‌లో నూటికి నూరు తెచ్చుకున్న అమ్మాయి ఫొటో ఉండదు.

హోర్డింగ్ కట్టించమని అడగడానికి ఈ వ్యాసం రాయడం లేదు. పౌరశాస్త్రంలో, చరిత్రలో బాగా పనిచేసే పిల్లలను, ఆ పాఠాలు చెప్పే టీచర్లను దేశస్థాయిలో ఎలా గుర్తిస్తున్నారో, ఆ గుర్తింపు వల్ల తరగతి గదిలో ఏం మారుతుందో మీ ముందుంచాలని రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనం దేనికి బహుమతి ఇస్తామో పిల్లలు దాని కోసమే కష్టపడతారు. కంఠస్థానికి ఇస్తే కంఠస్థం చేస్తారు. వెతికి తెలుసుకున్నందుకు ఇస్తే వెతుకుతారు.

మన దేశంలో ఏమున్నాయి?

మొదట మన ఇంటి సంగతి చూద్దాం. మన దేశంలో సైన్స్, గణిత ఒలింపియాడ్‌లకు ఒక పద్ధతి ఉంది. ముంబైలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్ కేంద్రంగా గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, ఖగోళశాస్త్రం, జూనియర్ సైన్స్ విభాగాల్లో పిల్లలను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి అంతర్జాతీయ పోటీలకు పంపుతారు. ఆ జాబితాలో చరిత్ర లేదు, పౌరశాస్త్రం లేదు.

సోషల్‌కు సమాన స్థానం ఇచ్చిన జాతీయ పరీక్ష ఒకటి ఉండేది. అదే ఎన్‌టీఎస్ఈ. 1963లో సైన్స్ టాలెంట్ సెర్చ్‌గా మొదలై, 1970లలో సామాజిక శాస్త్రాలనూ కలుపుకొంది. చివరి సంవత్సరాల్లో పాఠ్యాంశాల పేపర్‌లో 100 ప్రశ్నలుంటే సైన్స్‌కు 40, సోషల్‌కు 40, గణితానికి 20. పదో తరగతి పిల్లవాడు సోషల్‌ను వదిలేసి స్కాలర్‌షిప్ తెచ్చుకోవడం దాదాపు కుదిరేది కాదు. అందుకే ఎన్‌టీఎస్ఈ రాసే పిల్లలు సోషల్ టీచర్ దగ్గరకు వచ్చి కూర్చునేవారు. 2021 మార్చి 31తో ఆ పథకానికి ఉన్న అనుమతి ముగిసింది. తర్వాత దాన్ని నిలిపివేశారు. సైన్స్, గణితాలకు వేరే దారులు ఉన్నాయి కాబట్టి ఆ లోటు వాటికి పెద్దగా తెలియలేదు. సోషల్‌కు ఉన్న ఒక్క పెద్ద తలుపూ మూసుకుపోయింది.

మిగిలినవాటిలో నాకు నచ్చేది యువ పార్లమెంట్. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దీన్ని 1966లో ఢిల్లీ పాఠశాలల్లో మొదలుపెట్టింది. తర్వాత కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయలకు విస్తరించింది. అక్కడ ప్రాంతీయ స్థాయి నుంచి జాతీయ స్థాయి దాకా పోటీలు జరుగుతాయి. పిల్లలే స్పీకర్, పిల్లలే మంత్రులు, పిల్లలే ప్రతిపక్షం. ప్రమాణ స్వీకారం ఉంటుంది, ప్రశ్నోత్తరాల సమయం ఉంటుంది, బిల్లుపై చర్చ ఉంటుంది. ఎంత బాగా మాట్లాడారన్నది ఒక్కటే చూడరు. ఏ ప్రశ్న ఎంచుకున్నారు, సభా పద్ధతి పాటించారా అన్నదానికీ విడిగా మార్కులుంటాయి. 2019 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం నాడు ఈ పథకానికి ఒక పోర్టల్ ప్రారంభించారు. దాంతో గుర్తింపు పొందిన ఇతర పాఠశాలలకూ దారి తెరుచుకుంది. పాఠశాల పిల్లలు ‘కిశోర సభ’ కింద పాల్గొనవచ్చు.

టీచర్ల విషయానికొస్తే, జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు 1958 నుంచి ఉన్నాయి. ఏటా సెప్టెంబరు 5న, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జయంతి నాడు ఢిల్లీలో రాష్ట్రపతి చేతుల మీదుగా ఇస్తారు. ప్రశంసా పత్రం, రూ. 50,000 నగదు, వెండి పతకం. 2018 నుంచి టీచర్లే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో వడపోత జరిగి జాతీయ జ్యూరీ ముందుకు వెళతారు. ఇందులో సైన్స్ వేరు, సోషల్ వేరు అనే విభాగం లేదు. అది న్యాయమే. కానీ ల్యాబ్, మోడల్, యాప్ చూపించగలిగే సబ్జెక్టు వాళ్ల ఫైలు కంటికి నిండుగా ఉంటుంది. పిల్లల చేత మంచి ప్రశ్న అడిగించిన చరిత్ర టీచర్ దాన్ని ఏ ఫొటోలో చూపిస్తారు?

అమెరికాలో ఏం చేస్తున్నారు?

మన తెలుగు మూలాలున్న పిల్లలు అమెరికాలో స్పెల్లింగ్ బీ గెలిస్తే ఇక్కడి పత్రికలు మొదటి పేజీలో వేస్తాయి. మనమందరం సంతోషిస్తాం. అదే దేశంలో పౌరశాస్త్రానికీ చరిత్రకూ ఉన్న పోటీల గురించి మనకు తెలిసింది తక్కువ. నాలుగు చెబుతాను. ప్రతిదాంట్లోనూ పిల్లవాణ్ని ఏం చేయమంటున్నారో గమనించండి.

మొదటిది ‘నేషనల్ సివిక్స్ బీ’. అమెరికా చాంబర్ ఆఫ్ కామర్స్ ఫౌండేషన్ 2022లో కొద్ది రాష్ట్రాల్లో మొదలుపెట్టింది. 6, 7, 8 తరగతుల పిల్లలకు. ముందుగా తమ ఊళ్లో ఉన్న ఒక సమస్యను ఎంచుకుని, దానికి పరిష్కారం ఏమిటో సుమారు 500 పదాల వ్యాసం రాయాలి. ఎంపికైనవారికి క్విజ్ ఉంటుంది. ఆ తర్వాత న్యాయనిర్ణేతల ముందు నిలబడి తమ వ్యాసాన్ని సమర్థించుకోవాలి. స్థానిక పోటీ, రాష్ట్ర పోటీ దాటితే వాషింగ్టన్‌లో ఫైనల్.

రెండోది ‘వి ద పీపుల్’. సెంటర్ ఫర్ సివిక్ ఎడ్యుకేషన్ అనే సంస్థ 1987 నుంచి నడుపుతోంది. ఇందులో ఒక్క విద్యార్థి పోటీ పడడు, తరగతి మొత్తం పడుతుంది. తరగతిని ఆరు బృందాలుగా విడగొడతారు. రాజ్యాంగానికి సంబంధించి ఒక్కో అంశం ఒక్కో బృందానిది. చట్టసభ కమిటీ ముందు వాంగ్మూలం ఇచ్చినట్టుగా నాలుగు నిమిషాలు సిద్ధం చేసుకున్నది చెప్పాలి. ఆ తర్వాత ఆరు నిమిషాలు అడిగిన ప్రశ్నలకు జవాబివ్వాలి. సిద్ధం చేసుకున్న ప్రసంగం కన్నా ప్రశ్నలకే ఎక్కువ సమయం అన్నమాట.

మూడోది ‘నేషనల్ హిస్టరీ డే’. 1974లో క్లీవ్‌లాండ్ నగరంలో 129 మంది పిల్లలతో మొదలైంది. ఇప్పుడు ఏటా ఐదు లక్షల మందికి పైగా పాల్గొంటున్నారు. ఒక ఏడాదికి ఒక ఇతివృత్తం ఇస్తారు. పిల్లలు తమకు నచ్చిన అంశం తీసుకుని నెలల తరబడి పరిశోధన చేసి వ్యాసంగానో, ఎగ్జిబిట్‌గానో, నాటికగానో, డాక్యుమెంటరీగానో, వెబ్‌సైట్‌గానో తీర్చిదిద్దాలి. ఏ ఆధారం ఎక్కడ దొరికింది, అది దేనికి పనికొచ్చింది అని రాసి జతచేయాలి. న్యాయనిర్ణేతలు దాని మీద ప్రశ్నలు అడుగుతారు.

నాలుగోది టీచర్లకు. గిల్డర్ లెర్మన్ ఇన్‌స్టిట్యూట్ 2004 నుంచి ‘నేషనల్ హిస్టరీ టీచర్ ఆఫ్ ది ఇయర్’ ఇస్తోంది. రాష్ట్ర స్థాయి విజేతకు 1,000 డాలర్లు, జాతీయ విజేతకు 10,000 డాలర్లు. డబ్బు కన్నా నాకు నచ్చినవి రెండున్నాయి. టీచర్ పేరును విద్యార్థి ప్రతిపాదించవచ్చు, తల్లిదండ్రులు ప్రతిపాదించవచ్చు. గెలిచిన టీచర్ పేరు మీద వాళ్ల స్కూలుకు చరిత్ర పుస్తకాలు, బోధన సామగ్రి అందుతాయి. అంటే ఆ సన్మానం టీచర్ ఇంటి గోడ మీద ఆగిపోదు, స్కూల్ లైబ్రరీకీ వస్తుంది.

ఒక చిన్న పత్రికా కత్తిరింపు

ఇలాంటి పోటీ పిల్లల చేత ఏం చేయించగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు.

1999లో కాన్సాస్ రాష్ట్రంలోని యూనియన్‌టౌన్ అనే చిన్న పల్లెటూరి బడిలో నార్మన్ కొనార్డ్ అనే టీచర్ ఉండేవారు. నేషనల్ హిస్టరీ డే ప్రాజెక్ట్ కోసం అంశం వెతుక్కుంటున్న విద్యార్థినులకు ఒక పత్రిక నుంచి కత్తిరించిన చిన్న వార్త చూపించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఐరీనా సెండ్లర్ అనే మహిళ పోలండ్‌లోని వార్సా యూదుల వాడ నుంచి 2,500 మంది పిల్లలను కాపాడారని అందులో ఉంది. అంత పెద్ద పని చేసినావిడ పేరు ఎవరూ వినకపోవడమేమిటి, అంకె తప్పు పడిందేమో, మీరే వెతికి చూడండి అన్నారు ఆ టీచర్.

ఆ అమ్మాయిలు వెతికారు. వార్త నిజమేనని తేలింది. సెండ్లర్ ఆ పిల్లల అసలు పేర్లను కాగితం ముక్కల మీద రాసి, జాడీల్లో పెట్టి, చెట్టు కింద పాతిపెట్టారు. యుద్ధం ముగిశాక వాళ్లను తమవారితో కలపాలన్నది ఆమె ఆశ. విద్యార్థినులు ఆ కథను ‘లైఫ్ ఇన్ ఎ జార్’ అనే నాటికగా మలిచారు. ఆమె సమాధి ఎక్కడుందో తెలుసుకోబోతే, ఆమె వార్సాలో బతికే ఉన్నారని తెలిసింది. 2001లో వాళ్లు వెళ్లి ఆమెను కలిశారు. సెండ్లర్ 2008లో కన్నుమూశారు. అప్పటికి ఆమె పేరు ప్రపంచానికి తెలుసు. అందులో ఆ చిన్న బడి పిల్లల పాత్ర పెద్దది.

ఇందులో టీచర్ చెప్పిన పాఠం ఎంత? ‘ఇది నిజమో కాదో తేల్చండి’ అన్న ఒక్క మాట. ఫోన్‌లో వచ్చిన ప్రతి ఫార్వర్డ్‌నూ నమ్మి పంపేసే ఈ రోజుల్లో మన పిల్లలకు కావలసింది ఆ ఒక్క మాటే కదా.

అయితే పతకాలు చాలవు

ఇంతవరకు చదివి ‘అమెరికాలో అంతా బాగుంది, మన దగ్గరే లేదు’ అనుకుంటారేమో. అలా అనుకోవద్దు. ఆ దేశంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం కొన్నేళ్లకోసారి జాతీయ స్థాయిలో ఒక పరీక్ష పెట్టి చూస్తుంది. 2022లో జరిగిన పరీక్షలో చరిత్రలో ‘ప్రావీణ్యం’ స్థాయికి చేరినవారు నూటికి 13 మంది. పౌరశాస్త్రంలో 22 మంది. పౌరశాస్త్రంలో సగటు స్కోరు తగ్గడం ఆ పరీక్ష మొదలయ్యాక అదే మొదటిసారి.

ఇన్ని పోటీలు, ఇన్ని పురస్కారాలు ఉండి కూడా ఇలా ఎందుకు? పోటీలు తమంతట తాముగా ముందుకు వచ్చిన పిల్లలకు అందుతాయి. వాళ్లకు మంచి టీచర్ ఉంటారు, ఇంట్లో పుస్తకాలుంటాయి, కారులో తీసుకెళ్లే తల్లిదండ్రులుంటారు. మిగతా పిల్లలకు మామూలు తరగతే దిక్కు. ఆ తరగతిలో సోషల్‌కు సమయం తగ్గితే వేదిక మీద ఎన్ని పతకాలు ఇచ్చినా వెనక బెంచీ దాకా రావు.

కాబట్టి ‘జాతీయ స్థాయిలో గుర్తింపు ఉందా’ అనే ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఆ గుర్తింపు తరగతి మొత్తాన్ని కదిలిస్తుందా అన్నది చూడాలి. అందుకే ఆ నాలుగింటిలో ‘వి ద పీపుల్’ పద్ధతికి నా ఓటు. తరగతి గెలవాలంటే బాగా మాట్లాడే ఇద్దరు చాలరు. ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడికి కూడా ఆ ఆరు బృందాల్లో ఒకదాంట్లో చోటుంటుంది. వాడు చదవకపోతే మిగతావాళ్లే పక్కన కూర్చోబెట్టి చదివిస్తారు. మన యువ పార్లమెంట్‌లోనూ ఆ గుణం ఉంది. ఒక్క సభకు యాభై మంది దాకా పిల్లలు కావాలి.

‘ఐఐటీకి పనికొస్తుందా?’

మీ మనసులో ఉన్న ప్రశ్న ఇదే అని తెలుసు. సూటిగా చెబుతాను. జేఈఈలో దీనివల్ల ఒక్క మార్కు కూడా కలవదు. నీట్‌లోనూ కలవదు. కలుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

కానీ ఒక్కసారి హైదరాబాద్ అశోక్‌నగర్ వైపు వెళ్లి చూడండి. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు చదివే వేలమంది అక్కడ ఉంటారు. వాళ్లలో ఇంజినీరింగ్ చదివినవారికి కొదవ లేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు దాటాక పాలిటీ, హిస్టరీ కోచింగ్‌కు ఫీజు కట్టి చదువుతుంటారు. అవి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో మేము చెప్పే పాఠాలే. రాష్ట్రపతి ఎన్నిక, ఆర్డినెన్స్, మనీ బిల్లు, పంచాయతీరాజ్. అప్పుడు ‘ముఖ్యమైన ప్రశ్నలు ఇవ్వండి సార్’ అని గడిపేసిన పాఠమే, తర్వాత అంత ఖర్చుకు వస్తుంది. లా చదవాలనుకునే పిల్లల క్లాట్ పరీక్ష కూడా పేజీల కొద్దీ చదివి ఆలోచించి జవాబివ్వాల్సినదే.

ఉద్యోగం సంగతి పక్కన పెట్టినా ఇంకొకటి ఉంది. ఈ రోజు తొమ్మిదో తరగతిలో ఉన్న మీ అబ్బాయికి, అమ్మాయికి నాలుగేళ్లలో ఓటు వస్తుంది. వాళ్లు ఇంజినీరవుతారో డాక్టరవుతారో మనం చెప్పలేం. ఓటరవడం మాత్రం ఖాయం. ఖాయంగా చేయబోయే పనికి శిక్షణ తగ్గించి, వస్తుందో రాదో తెలియని సీటు కోసమే సమయమంతా పెట్టడం ఎంతవరకు సబబు? రెండూ ఉండాలంటున్నాను. వారానికి ఉన్న సోషల్ పీరియడ్లు సోషల్‌కే ఉంటే చాలు. కొత్తగా ఒక్క గంట కూడా అడగడం లేదు.

ఏది మంచి పోటీ? మూడు ప్రశ్నలు

కరపత్రం ఏదైనా ఇంటికి వచ్చినప్పుడు, డబ్బు కట్టే ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, పిల్లవాడు ఇందులో ఏం చేస్తాడు? నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తించడమేనా, లేక ఏదైనా వెతికి, రాసి, చెప్పాలా? క్విజ్ తప్పని నేను అనను. సివిక్స్ బీలోనూ క్విజ్ ఉంది. కానీ క్విజ్‌తోనే మొదలై క్విజ్‌తోనే ముగిస్తే, తేదీలు వారంలో మరిచిపోతారు.

రెండు, ఎదురుగా కూర్చుని ప్రశ్న అడిగేవారు ఉన్నారా? ఇంట్లో మీరో, అన్నయ్యో, ఈ మధ్య కంప్యూటరో రాసిపెట్టిన ప్రాజెక్ట్‌తో కూడా బహుమతి రావచ్చు. ‘ఇది నీకెలా తెలిసింది?’ అని ఒక్క ప్రశ్న అడిగితే ఎవరు చేశారో తేలిపోతుంది. సోషల్ ప్రాజెక్ట్ అంటే స్టేషనరీ షాపులో నాయకుల బొమ్మల చార్టు కొని కత్తిరించి అతికించడం అనే అలవాటు పోవాలంటే దారి ఇదే.

మూడు, పాల్గొన్నందుకే అందరికీ మెడల్ ఇస్తున్నారా? ఫీజు కట్టిన ప్రతివారికీ మెడల్ వస్తే, అది మీరు కొనుక్కున్న వస్తువు. దాన్ని పిల్లవాడి ప్రతిభ అనుకోనక్కర్లేదు.

టీచర్‌కు మీరు చేయగలిగింది

పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున గమనించండి. మ్యాథ్స్ టీచర్ బల్ల ముందు వరుస ఉంటుంది. సైన్స్ టీచర్ ముందూ ఉంటుంది. సోషల్ టీచర్ ముందు ఖాళీ కుర్చీలుంటాయి. వచ్చిన ఒకరిద్దరూ ‘మార్కులు పర్లేదా మేడమ్?’ అని అడిగి వెళ్లిపోతారు. ఏడాదికి మూడు, నాలుగుసార్లు ఇలా జరిగితే ఏ టీచర్‌కైనా తన సబ్జెక్టు ఎవరికీ అక్కర్లేదని అర్థమవుతుంది. అలాంటి చోట కష్టపడి కొత్త పాఠం తయారు చేయాలన్న ఉత్సాహం ఎన్నాళ్లుంటుంది?

ఈసారి వచ్చినప్పుడు ఆ బల్ల దగ్గర రెండు నిమిషాలు ఆగండి. ‘ఈ టర్మ్‌లో మా పాప అడిగిన మంచి ప్రశ్న ఏదైనా ఉందా?’ అని అడగండి. ఆ టీచర్‌కు జవాబు తెలిస్తే మీ పాప మంచి చేతుల్లో ఉన్నట్టే. తెలియకపోతే వచ్చేసారి మీరు అడుగుతారని గమనిస్తూ ఉంటారు.

మీ బిడ్డకు చరిత్ర మీద, సమాజం మీద ఆసక్తి పుట్టించిన టీచర్ ఉంటే ఆ మాట కాగితం మీద పెట్టండి. ఏ పాఠం, ఏ పని, దానివల్ల ఇంట్లో పిల్లవాడిలో ఏ మార్పు కనిపించింది అని నాలుగు వాక్యాలు రాసి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. జాతీయ పురస్కారానికి టీచర్ తానే దరఖాస్తు చేసుకోవాలి కాబట్టి, తన గురించి తాను చెప్పుకోవడానికి మొహమాటపడే మంచి టీచర్లు వెనకబడిపోతారు. మీ నాలుగు వాక్యాలు వాళ్లకు ధైర్యమిస్తాయి. ల్యాబ్ ఫొటో లేని సబ్జెక్టుకు అంతకన్నా మంచి సాక్ష్యం ఏముంది?

ఈ ఏడాది మన పాఠశాలల్లో

మన యాజమాన్యం ముందు, మీ ముందు నాలుగు ప్రతిపాదనలు ఉంచుతున్నాను.

1. ప్రతి బ్రాంచిలో నవంబరు 26లోగా ఒక కిశోర సభ జరగాలి. తొమ్మిదో తరగతి పిల్లలందరికీ అందులో ఏదో ఒక పని ఉండాలి. మాట్లాడలేనివారు ప్రశ్నలు తయారు చేస్తారు, బిల్లు రాస్తారు, సభా కార్యక్రమాలు నమోదు చేస్తారు. పోర్టల్‌లో నమోదు చేసుకుంటే పాల్గొన్నవారికి మంత్రిత్వ శాఖ సర్టిఫికెట్ కూడా వస్తుంది.

2. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు టర్మ్‌కు ఒక స్థానిక సమస్య. బడి ముందు జీబ్రా క్రాసింగ్ లేకపోవడం, కాలనీ పార్కులో తాగునీరు లేకపోవడం, వీధిలో చెత్త బండి రాకపోవడం వంటివి. అది ఏ శాఖ పరిధిలోకి వస్తుందో పిల్లలు తెలుసుకోవాలి. మర్యాదగా ఒక వినతిపత్రం రాయాలి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక సోమవారాలు కలెక్టరేట్లలో జరుగుతాయి. ఒక పెద్దవారు తోడు వెళ్లి ఆ కాగితం ఇచ్చి రసీదు తెస్తే, ఆ రసీదు చార్టు కన్నా విలువైన ప్రాజెక్ట్.

3. ఇంటి పెద్దల నోటి చరిత్ర. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనను చూసినవారు, 1969 ఉద్యమంలో విద్యార్థులుగా ఉన్నవారు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. తాతయ్యను, అమ్మమ్మను పది ప్రశ్నలు అడిగి రాసుకుని, ఆనాటి పత్రికలతోనో పుస్తకాలతోనో సరిపోల్చాలి. రెండింటికీ తేడా వస్తే ఇంకా మంచిది, అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. పెద్దలు లేనివారికి ఊరే ఉంది. 1908 మూసీ వరదల్లో ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టిన చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. 1921లో మున్సిపాలిటీ పన్నులను ఎదిరించి జనం ఊరినే ఖాళీ చేసి వెళ్లిన చీరాల ఉంది.

4. యాన్యువల్ డే వేదిక మీద ఒక్క బహుమతి. సోషల్ మార్కులకు కాకుండా, ఆ ఏడాది అత్యుత్తమ పరిశోధన చేసిన తరగతికి ఇవ్వాలి. బహుమతిగా షీల్డ్ వద్దు. ఆ తరగతి పేరు మీద, వాళ్ల టీచర్ పేరు మీద లైబ్రరీకి పాతిక పుస్తకాలు కొనాలి. న్యాయనిర్ణేతలుగా తల్లిదండ్రుల్లోంచే లాయర్లను, జర్నలిస్టులను, పంచాయతీ, మున్సిపల్ ఉద్యోగులను పిలవాలి. పిల్లలను సూటిగా ప్రశ్నించమనాలి.

ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కొన్ని మా చేతిలో ఉన్నాయి, కొన్ని మీ చేతిలో ఉన్నాయి. కిశోర సభ రోజున సాయంత్రం ఒక గంట ముందుగా ఆఫీసు నుంచి బయలుదేరి రాగలిగితే వచ్చి వెనక వరుసలో కూర్చోండి. మీ అబ్బాయి ఆ రోజు ప్రతిపక్షంలో ఉండి, ‘మంత్రిగారు ఇచ్చిన అంకె ఎక్కడిది అధ్యక్షా?’ అని అడగవచ్చు. ఆ ప్రశ్న ఇంటికి వచ్చాక మిమ్మల్నీ అడుగుతాడు. విసుక్కోకుండా జవాబు చెప్పండి, లేదా ఇద్దరూ కలిసి వెతకండి.

న్యాయనిర్ణేతలుగా రావడానికి ఇష్టమున్నవారు, పెద్దల జ్ఞాపకాలు చెప్పించగలవారు మీ బ్రాంచి రిసెప్షన్‌లో పేరు ఇవ్వండి. ఈ ప్రతిపాదనల మీద మీ అభిప్రాయాలు, ముఖ్యంగా ఒప్పుకోనివారి అభిప్రాయాలు రాసి పంపితే వచ్చే సంచికలో వేద్దాం.

మీ సోషల్ టీచర్